నలభై ఒకటో పేజీలో ఖాళీ జాగా

“నలభై ఒకటో పేజీల పైసగం ఖాళీ ఇడువు,” అన్నాడు సాయికిరణ్. “సంతకాలు కింది సగం నుంచి షురూ చెయ్యి.”

పంచాయతీ కార్యదర్శి తమన్నా మినిట్స్ పుస్తకం మీద నుంచి తల ఎత్తలేదు. గుండ్లమడుగు పంచాయతీ కార్యాలయంలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

“పైన ఏం రాస్తరు సార్?”

“రాసేటోళ్లు రాస్తరు. నీకెందుకు ఫికర్?”

ఏం రాస్తారో ఊరందరికీ తెలుసు. సాయికిరణ్ ఎమ్మెల్యే బామ్మర్ది. అంతకు మించి అతనికి ఉద్యోగం లేదు, అవసరమూ పడలేదు. ఊరి వెనక నల్లగుట్ట మీద కంకర క్రషర్ పెట్టాలని రెండేళ్లుగా తిరుగుతున్నాడు. గ్రామసభ తీర్మానం లేనిదే ఫైలు కదలదు. మూడుసార్లు గ్రామసభ పెట్టించాడు. మూడుసార్లూ ఊరు రాలేదు. ధర్నా చేయలేదు, జెండా పట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. తలుపులకు గొళ్లేలు పెట్టుకుని పత్తి ఏరడానికి పోయారు. కోరం లేక అద్దె కుర్చీలు మూడుసార్లూ ట్రాక్టరెక్కి నెక్కొండకు తిరిగిపోయాయి.

నాలుగోసారి సాయికిరణ్‌కు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. దాని పేరు ప్రజాస్వామ్యం.

హనుమకొండలో చట్టసభ సభ్యులకు అంతర్జాతీయ శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటుంది. డైరెక్టరు పేరు బెన్నీ. కొత్తగా ప్రజాస్వామ్యంలోకి అడుగుపెట్టిన దేశాల ఎంపీలను పిలిపించి, వారం రోజులు ఏసీ గదిలో కూర్చోబెట్టి, చివర్లో శాలువా కప్పి పంపడం అతని పని. ఈసారి ఏడు దేశాల నుంచి తొమ్మిది మంది వచ్చారు. వాళ్లలో ఒకాయన తన దేశంలో సైన్యం తుపాకులు ఎక్కుపెట్టి నిలబడినా ప్రచారం చేసి గెలిచినవాడు. ఆయనకు బెన్నీ ‘ఓటరుతో చిరునవ్వుతో మాట్లాడడం ఎలా’ అని గంటన్నర నేర్పాడు. ఇంకొకామె ఎన్నికైనందుకు పద్నాలుగు నెలలు జైల్లో ఉంది. ఆమెకు ‘ఒత్తిడిని జయించడం’ నేర్పారు. నేర్పినాయన రిటైరైన అధికారి. జీవితంలో వార్డు మెంబరుగా కూడా నిలబడలేదు.

ఆరో రోజు కార్యక్రమం ‘ప్రత్యక్ష గ్రామసభ సందర్శన’. దానికొక ఊరు కావాలి. బామ్మర్ది చెవిలో చెప్పాడు, ఎమ్మెల్యే గుండ్లమడుగు పేరు చెప్పాడు.

లెక్క చాలా సులువు. ఫారినోళ్లను చూడడానికి ఊరంతా వస్తుంది. బగారన్నం, చికెన్ ఉంటుంది. పుస్తకంలో సంతకం పెట్టినవాళ్లకే కూపన్. విదేశీ అతిథుల ఎదుట, కెమెరాల ఎదుట పెట్టిన సంతకాలు. రేపు వాటిని తప్పని ఏ కోర్టు అంటుంది? అందుకే ఉత్తుత్తి పుస్తకం వద్దని, పేజీ పేజీకీ నంబరు, ముద్ర ఉన్న అసలు మినిట్స్ పుస్తకమే పెట్టాలని సాయికిరణ్ పట్టుబట్టాడు.

“సార్,” అంది తమన్నా. “చివర్ల ‘చదివి వినిపించి ఆమోదించడమైనది’ అని ఉంటది. దాని కింద నా సంతకం ఉంటది. రేపు ఎవలన్న కేసేస్తే నా మెడకు చుట్టుకుంటది.”

సాయికిరణ్ నవ్వాడు. “నువ్వు పర్మినెంటా?”

“ఔట్‌సోర్సింగ్ సార్.”

“మరి? సంతకం పెడితే కేసయితదో కాదో. పెట్టకపోతే సోమవారం నుంచి ఏజెన్సీ లిస్టుల నీ పేరుండదు. అది మాత్రం పక్కా. రెండిట్ల ఏది కావాల్నో నువ్వే సోంచాయించుకో.”

కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

తమన్నాకు ఇరవై ఏడేళ్లు. ఆరేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు జనన ధ్రువపత్రం కూడా రాయలేదని ఆమెకు కొంచెం గర్వం. ఆ గర్వాన్ని కాపాడుకోవడానికి మిగిలింది ఒక్కరోజు. రాస్తే దొంగ తీర్మానం తన పేరు మీద. రాయకపోతే ఉద్యోగం పోతుంది, తన జాగాలో వచ్చే మనిషి ఎలాగూ రాస్తాడు. ఏ దారిన పోయినా గుట్ట పోతుంది.

బల్ల మీద బెన్నీ పంపిన రంగుల పుస్తకం ఉంది. అతిథుల ఫొటోలు, పరిచయాలు. స్వాగతం చెప్పేటప్పుడు పేర్లు తప్పు పలకకూడదని పంపాడు. తమన్నా ఒక్కో పేరూ రెండుసార్లు పైకి చదువుకుంది. ఐదో పేజీలో ఆగిపోయింది. పసిఫిక్ సముద్రంలో ఏదో ద్వీప దేశం. ఎంపీ పేరు లోసా. వయసు అరవై మూడు. రాజకీయాల్లోకి రాకముందు అదే పార్లమెంటులో మినిట్స్ రాసే గుమస్తాగా ఇరవై రెండేళ్లు.

తమన్నా ఆ వాక్యాన్ని మూడోసారి కూడా చదివింది. తర్వాత కార్యక్రమం పట్టిక తీసింది. పదకొండున్నరకు ‘అనుభవాల మార్పిడి: పదిహేను నిమిషాలు’ అని ఉంది. అడగాల్సిన ప్రశ్నలు కూడా బెన్నీయే రాసి పంపాడు. మొదటిది: ‘మా ఊరు మీకు ఎలా అనిపించింది?’

*

మరునాడు పది గంటలకు రెండు తెల్ల బస్సులు దిగాయి. ముందు బెన్నీ దిగాడు, చేతిలో మైకు పట్టుకునే. ఫిబ్రవరి ఎండలో కోటు వేసుకున్న మనిషి మండలం మొత్తానికి అతనొక్కడే.

ఊరు వచ్చింది. సాయికిరణ్ లెక్క తప్పలేదు. షామియానా కింద మూడు వందల మందికి తగ్గలేదు. సర్పంచ్ మొగిలమ్మను మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఎన్నికైనప్పటి నుంచి ఆమె చేసిన పని కుర్చీలో కూర్చోవడం, చెప్పినప్పుడు లేవడం. ఆమె పక్క కుర్చీలో సాయికిరణ్ కూర్చున్నాడు. అతను ఏ హోదాలో అక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు, అతిథులూ అడగలేదు. అది పాఠ్యాంశంలో లేదు.

బెన్నీ మైకు అందుకున్నాడు. “మిత్రులారా! మీరిప్పుడు చూస్తున్నది ప్రజాస్వామ్యపు మూలకణం!”

పక్కన విమల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన లెక్చరర్. వారం రోజులుగా బెన్నీ మాటల్ని ఇంగ్లీషులోకి, అతిథుల మర్యాదల్ని తెలుగులోకి మోసీ మోసీ ఆమె ముఖం వాడిపోయింది.

షామియానా పక్క బల్ల దగ్గర సంతకాలు మొదలయ్యాయి. తమన్నా పుస్తకం తెరిచింది. నలభై ఒకటో పేజీ. పైసగం తెల్లగా ఉంది. వరసలో వచ్చినవాళ్లు కింద సంతకం పెట్టి కూపన్ తీసుకుని పోతున్నారు. పేజీ నిండితే తర్వాతి పేజీకి పోతున్నారు. అరవై, డెబ్బై, ఎనభై.

యాకమ్మ వంతు వచ్చింది. గుట్ట కింద మొదటి ఇల్లు ఆమెదే. వేలి మీద సిరా పూసుకోకుండా పుస్తకంలోకి తొంగి చూసింది.

“బిడ్డా, పైన ఏం రాసి లేదు గదా. దేనికి ఏలు ముద్ర?”

కుర్చీలోంచి సాయికిరణే జవాబిచ్చాడు. “హాజరు అవ్వా. వచ్చినవని గుర్తు.”

“వచ్చిన్నని నువ్వు సూత్తానవ్ గదా కొడుకా. మల్ల గుర్తెందుకు?”

వరసలో నవ్వులు లేచాయి. సాయికిరణ్ కూడా నవ్వాడు. “అన్నం వద్దా అవ్వా?”

“ఇంట్ల జొన్నరొట్టె ఉన్నది. అది సంతకం అడుగది.”

యాకమ్మ పక్కకు తప్పుకుంది గానీ వెళ్లిపోలేదు. బల్ల పక్కనే నేల మీద కూర్చుంది. తమన్నా కళ్లలోకి చూస్తూ కూర్చుంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

పదకొండున్నర అయింది. బెన్నీ గంట మోగించాడు. పార్లమెంటు వాతావరణం రావాలని నిజంగానే ఇత్తడి గంట తెచ్చాడు. “ఇప్పుడు అనుభవాల మార్పిడి! గ్రామ కార్యదర్శి మొదటి ప్రశ్న అడుగుతారు.”

తమన్నా లేచింది. మైకు అందుకుంది. సాయికిరణ్ ఫోన్ చూసుకుంటున్నాడు. బెన్నీ పెదవులతోనే ప్రశ్న అందిస్తున్నాడు: మా ఊరు... మీకు...

“లోసా మేడమ్‌కు నమస్తే,” అంది తమన్నా. “మీరు ఇరవై రెండేళ్లు మీ పార్లమెంటుల మినిట్స్ రాసిన్రని చదివిన. నేను ఈ ఊరి మినిట్స్ రాస్త. మీ దగ్గర సంతకాలకు పైన ఖాళీ జాగా ఇడుస్తరా?”

సాయికిరణ్ చేతిలోని ఫోన్ అక్కడే ఆగిపోయింది.

బెన్నీ విమల వైపు వంగాడు. “మేడమ్, టెక్నికల్ ప్రశ్న. కొంచెం కుదించి, ఊరు నచ్చిందా అని...”

“ముప్పై ఏళ్లు నేను పాఠం చెప్పిన, బెన్నీ గారూ. కుదించుడు నాకు రాదు,” అంది విమల. ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పింది.

వెనక వరసలో కునికిపాట్లు పడుతున్న ఆ పెద్దావిడ ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. ఆరు రోజులుగా ఆమెకు అందరూ నేర్పినవాళ్లే. ఆమెకు ఏం తెలుసో ఒక్కడూ అడగలేదు. ఇప్పుడడిగారు. అదీ ఆమెకు ప్రపంచంలో అన్నిటికంటే బాగా తెలిసిన విషయం గురించి.

లోసా లేచి నిలబడి నాలుగు నిమిషాలు మాట్లాడింది. విమల ఒక్కో ముక్కా తెలుగులో దించింది. “ఖాళీ ఉంచరట. చదివి వినిపించకుండా ఎవరి సంతకమూ తీసుకోరట. రాత అయిపోయిన చోటు నుంచి సంతకం దాకా అడ్డంగా గీత కొట్టేస్తారట. ఖాళీ ఉంచినందుకు తమ దగ్గర ఒక పెద్ద మంత్రి పదవే పోయిందట. మీ పుస్తకం ఒకసారి చూడవచ్చా అని అడుగుతున్నారు.”



ఆ క్షణంలో పుస్తకం దాచే తెలివి సాయికిరణ్‌కు ఉంది. కాని బెన్నీకి లేదు. అతనికి కనిపించింది ఒక్కటే: నివేదిక మొదటి పేజీకి ఫొటో. “తప్పకుండా! ఇదే దేశాల మధ్య సహకారమంటే!” అని అరుస్తూ తానే బల్ల దగ్గరికి ఉరికి, పుస్తకం రెండు చేతులతో ఎత్తుకొచ్చి, నలభై ఒకటో పేజీ తెరిచి లోసా ముందు పట్టుకున్నాడు. ముగ్గురు కెమెరావాళ్లు చుట్టూ మూగారు.

లోసా కళ్లద్దాలు పెట్టుకుంది. పైసగం చూసింది. కింద, తర్వాతి పేజీల్లో ఎనభై చిల్లర సంతకాలు చూసింది. ఆమె మొహంలో మర్యాద పోయి గుమస్తా వచ్చింది.

“ఇక్కడ ఏముంటుంది?” అని విమల తెలుగు చేసింది.

“ఫొటో,” అన్నాడు సాయికిరణ్ చప్పున. “గ్రూప్ ఫొటో అతికిస్తం. జ్ఞాపకార్థం.”

“పార్లమెంటు రికార్డులో ఫొటో అతికించడం ఇరవై రెండేళ్లలో వినలేదంటున్నారు,” అంది విమల. ఈసారి ఆమె గొంతులో వాడిన జాడే లేదు.

నేల మీద నుంచి యాకమ్మ లేచింది. “ఓ సెక్రటరీ బిడ్డా! జాగా ఉన్నది గదా. గుట్ట ముచ్చట రాయి. మూడుసార్లు మేము రాకపోతిమి. గీసారి అందరం ఉన్నం. రాయి, క్రషరు మాకద్దని.”

“అవ్వా, కూసో. ఇది ప్రోగ్రాం,” అన్నాడు సాయికిరణ్.

“ఏ ప్రోగ్రామయ్యా? గ్రామసభ అని డప్పు కొట్టిచ్చింది నువ్వే గదా!”

వెనక నుంచి ఎవరో, “సర్పంచ్ సాబ్ లెక్క మాట్లాడుతాండు, ఓట్లేసింది మొగిలమ్మకేనా?” అన్నారు. ఈలలు పడ్డాయి.

గుట్ట సంగతేమిటో, ఈ సభకు అధ్యక్షులెవరో లోసా విమలను అడిగింది. తెలుసుకుంది. సాయికిరణ్‌ను దాటి మొగిలమ్మ ముందు నిలబడి తల వంచింది. “అధ్యక్షురాలు అనుమతిస్తారా, ఈ అంశాన్ని ఓటుకు పెట్టడానికి అని అడుగుతున్నారు,” అంది విమల.

అలవాటు కొద్దీ మొగిలమ్మ సాయికిరణ్ వైపు తిరిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. లోసా చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా ఏదో అంది.

“నేను అడిగింది అధ్యక్షురాలిని, ఆయన్ని కాదు అంటున్నారు.”

మొగిలమ్మ కొంగు సర్దుకుంది. మూడు వందల మంది చూస్తున్నారు. తొమ్మిది మంది ఎంపీలు చూస్తున్నారు. ఓట్లేసిన ముఖాలన్నీ ఎదురుగానే ఉన్నాయి. మళ్లీ ఓట్లడగాల్సింది కూడా వాళ్లనే. ఆ లెక్క ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

“చేతులు లేపుండ్రి,” అంది.

లేచాయి. కూపన్ పట్టుకున్న చేతులు, పిల్లనెత్తుకున్న చేతులు, పత్తి ముళ్లు గీసుకున్న చేతులు. క్రషర్ కావాలనేవాళ్లు చేతులు లేపండి అంటే సాయికిరణ్ డ్రైవరు సగం చెయ్యి లేపి, చుట్టూ చూసి, తల గోక్కున్నాడు.

తమన్నా రాసింది. ‘నల్లగుట్టపై కంకర క్రషర్‌కు అనుమతిని ఈ గ్రామసభ ఏకగ్రీవంగా నిరాకరించడమైనది.’ ఏడు వాక్యాల్లో మొత్తం రాసి పైకి చదివింది. ముందే సంతకాలు పెట్టినవాళ్లలో ఎవరైనా వెనక్కి తీసుకుంటారా అని లోసా అడగమంది. ఎవరూ తీసుకోలేదు. యాకమ్మ వచ్చి, ఈసారి అడక్కుండానే వేలికి సిరా పూసుకుని ముద్ర వేసింది. మిగిలిన ఖాళీ మీద లోసా స్వయంగా మూల నుంచి మూలకు గీత కొట్టింది. తొమ్మిది ఫోన్లు ఆ పేజీని ఫొటో తీసుకున్నాయి. శిక్షణ వారంలో వాళ్లు శ్రద్ధగా రాసుకున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే.

బెన్నీ చప్పట్లు కొట్టాడు. ఏం జరిగిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

*

భోజనాల వేళ సాయికిరణ్ తమన్నాను కార్యాలయం గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“చింపు.”

“నంబరున్నది సార్. నలభై ఒకటి లేకుంటే ఆడిట్ల ఎవలు చింపమన్నరని అడుగుతరు, మీ పేరే చెప్త. ఆ పేజీ తొమ్మిది మంది ఫోన్లల్ల ఉన్నది.”

“మస్తు తెలివున్నదనుకుంటానవా? సోమవారం దాక గూడ ఆగ. ఇయ్యాల్నే చెప్త బావకు.”

“చెప్పుండ్రి సార్.” తమన్నా పుస్తకం మూసి బల్ల సొరుగులో పెట్టింది.

ఆ సాయంత్రం హనుమకొండ హోటల్లో ముగింపు సభ. ముఖ్య అతిథి ఎమ్మెల్యే. బామ్మర్ది చెప్పిన కథ కారులోనే విన్నాడు, కోపంతో పళ్లు నూరుతూనే వేదిక ఎక్కాడు. శాలువాలు అయ్యాయి. అతిథుల తరఫున లోసా మాట్లాడింది. క్రషర్ ఎవరిదో విమల ఆమెకు బస్సులోనే చెప్పింది. వారం రోజుల్లో తనకు నచ్చింది ఒక్క రోజే అంది. ఒక ఎమ్మెల్యే, తన సొంత బంధువు వ్యాపారాన్ని కూడా లెక్కచేయకుండా ఊరిని స్వేచ్ఛగా ఓటు వేయనివ్వడం తాను ఏ దేశంలోనూ చూడలేదు అంది. ఈ సంగతి తమ పార్లమెంటులో చెబుతాను అంది. విమల ప్రతి మాటనూ మైకులో తెలుగు చేసింది, కొన్నిటిని రెండుసార్లు. ముందు వరసలో విలేకరులు రాసుకున్నారు.

ఎమ్మెల్యే ముఖం రంగు మారింది. రెండు క్షణాలు, అంతే. ముప్పై ఏళ్ల రాజకీయం ఊరికే పోదు. లేచి మైకు అందుకున్నాడు.

“నల్లగుట్ట మీద చెయ్యి పడనియ్య! నా సొంత మనిషైనా సరే, ప్రజల మాటే నాకు శాసనం!”

హాలు మారుమోగింది. మరునాడు పేపర్లలో పెద్ద ఫొటో. బెన్నీ నివేదిక అట్ట మీద కూడా అదే ఫొటో. దానిలో చప్పట్లు కొడుతున్నవాళ్లలో సాయికిరణ్ కూడా ఉన్నాడు. కొట్టక తప్పలేదు.

కారెక్కగానే సాయికిరణ్ బద్దలయ్యాడు. “బావా, గట్లెట్ల ప్రకటిస్తవ్? నా క్రషర్?”

“నోర్ముయ్. ఆ గుట్ట ఇగ ముట్టుకుంటే పేపరోళ్లు నన్ను నమిలేస్తరు. వేరే గుట్ట చూస్కో. ఎవలు పోని ఊరు, ఎవలు రాని ఊరు చూస్కో.”

“మరి ఆ పోరి? ఉద్యోగం పీకెయ్యి.”

“ఇప్పుడు పీకితే ఎందుకు పీకిన్రని అడుగుతరు. ఎత్తి దూరం పడేపిస్త. ఎవలు పోని ఊరు, ఎవలు రాని ఊరు. అక్కడ పడుంటది.”

ఎమ్మెల్యే కార్యాలయం నుంచి ఫోన్ వెళ్లింది. బదిలీల కాగితాలు చూసే గుమస్తా జిల్లా మ్యాపు ముందు వేసుకుని, బస్సు కూడా పోని చివరి ఊరు వెతికాడు. పోలారం దొరికింది. పది రోజుల తర్వాత సాయికిరణ్ మనిషి ఒకడు అదే జిల్లా మ్యాపు ముందు వేసుకుని, బస్సు కూడా పోని ఊళ్లో గుట్ట వెతికాడు. ఒకరి సంగతి ఒకరికి చెప్పుకునే అలవాటు వాళ్లకు ఎప్పుడూ లేదు.

మార్చి మూడో వారంలో సాయికిరణ్ కారు పోలారం పంచాయతీ కార్యాలయం ముందు ఆగింది. చేతిలో కొత్త ఫైలు. ఎండకు చెమట తుడుచుకుంటూ, తలుపు తోసుకుని, “ఎవరయ్యా ఇక్కడ కార్యదర్శి?” అంటూ లోపలికి వచ్చాడు.

తమన్నా కుర్చీ చూపించింది.

“కూసోండ్రి సార్. గ్రామసభ ఏ తారీకు పెడ్దాం?”